శ్రీహరికోట చినూక్ నుంచి హకీంపేట శిక్షణ దాకా: మిలటరీ హెలికాప్టర్ల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

పులికాట్_కుర్రాడు (సూళ్ళూరుపేట)
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ ఫైనలియర్, వైమానిక దళం ఆఫీసర్ల ఎంట్రన్స్ అయిన ఆఫ్‌క్యాట్‌కి ప్రిపేర్ అవుతున్నా. 2025 ఆగస్టు 24న మా పక్కనే శ్రీహరికోటలో ఇస్రో గగన్‌యాన్ పారాచూట్ల పరీక్ష చేసింది కదా. వైమానిక దళం చినూక్ హెలికాప్టర్ దాదాపు 5 టన్నుల, వ్యోమగాములు కూర్చునే గదిలాంటి డమ్మీ క్రూ మాడ్యూల్‌ని కింద వేలాడదీసుకుని 3 కిలోమీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళి వదిలింది. అప్పట్నుంచి ఈ హెలికాప్టర్ల పిచ్చి పట్టుకుంది నాకు. నా డౌట్లు ఇవి. మన దగ్గర ఎం‌ఐ-17 రవాణా హెలికాప్టర్లు బోలెడున్నాయి, వాటితో ఎందుకు చేయలేదు? చినూక్‌కి తోక దగ్గర చిన్న ఫ్యాన్ ఎందుకు లేదు? ఇంకోటి, దాడి హెలికాప్టర్ల మీద కాలేజీలో రోజూ గొడవ: అమెరికా అపాచీ గొప్పదా, మన ప్రచండ్ గొప్పదా?

మాజీ_ఫిట్టర్ (చంద్రగిరి)
తమ్ముడూ, నేను వైమానిక దళంలో ఎం‌ఐ-17 ఇంజన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక్కోటీ చెప్తా.

ఎం‌ఐ-17వి5 లోపల 4 టన్నులు మోస్తుంది. బయట కొక్కేనికి తగిలించినా నాలుగు, నాలుగున్నర దగ్గరే దాని పని అయిపోతుంది. 5 టన్నుల మాడ్యూల్ దానికి మించిన బరువు. చినూక్ సుమారు 10 టన్నులు మోయగలదు. అంటే ఆ రోజు అది తన శక్తిలో సగంతోనే ఆ పని చేసింది. పరీక్షకి కావలసింది కూడా అదే. వదిలే క్షణంలో మాడ్యూల్ ఊగకూడదు, హెలికాప్టర్ నిలకడగా ఉండాలి, చేతిలో పవర్ మిగిలి ఉండాలి.

తోక ఫ్యాన్ సంగతి. పైన రోటర్ ఒక పక్కకి తిరుగుతుంటే బాడీ రెండో పక్కకి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే తోక రోటర్. అది ఇంజన్ శక్తిలో కొంత తినేస్తుంది, పైకి ఎత్తడానికి మాత్రం సాయపడదు. చినూక్‌లో ముందొక రోటర్, వెనకొక రోటర్ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ఒకదాని మెలికని ఇంకొకటి సరిచేస్తుంది, ఇంజన్ల శక్తంతా బరువెత్తడానికే పోతుంది. పైగా రెండు రోటర్లు కాబట్టి బరువు కొంచెం ముందుకో వెనక్కో జరిగినా తట్టుకుంటుంది.

అపాచీ, ప్రచండ్ గొడవకి రాత్రి తీరిగ్గా రాస్తా. ఈలోపు నువ్వు ఒకటి ఆలోచించు: ఏ ఊళ్ళో, ఏ ఎత్తులో, ఏ ఎండలో?

స్వర్ణముఖి (తిరుపతి)
అదే చినూక్ 2022 ఏప్రిల్‌లో చండీగఢ్ నుంచి అస్సాంలోని జోర్హాట్ దాకా 1,910 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఏడున్నర గంటల్లో వెళ్ళింది. మన దగ్గర మొత్తం 15 ఉన్నాయి, మొదటివి 2019 మార్చిలో చండీగఢ్‌లో చేరాయి.

జెట్_ఫ్యాన్_చిత్తూరు
ఇందులో ఆలోచించడానికేముంది సార్. అపాచీకి 30 ఎం‌ఎం గన్, 16 హెల్‌ఫైర్ మిసైళ్ళు, రోటర్ పైన గుండ్రంగా రాడార్. పైలట్ తల ఎటు తిప్పితే గన్ అటు తిరుగుతుంది. ప్రచండ్‌ది 20 ఎం‌ఎం గన్. పోలికే లేదు.

మాజీ_ఫిట్టర్ (చంద్రగిరి)
చిత్తూరు తమ్ముడు చెప్పిన అంకెలు కరెక్టే. కానీ హెలికాప్టర్ బలం కాగితం మీద ఉండదు నాయనా, అది ఎగిరే గాలిలో ఉంటుంది. దీని మీద కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికగా చదవండి.

రోటర్ గాలిని కిందికి తోస్తేనే హెలికాప్టర్ పైకి లేస్తుంది. గాలి పలచబడితే తోయడానికి సరుకు తక్కువ, ఇంజన్‌కి పీల్చుకోవడానికీ తక్కువే. గాలి రెండు రకాలుగా పలచబడుతుంది, ఎత్తుకి పోతే ఒకటి, ఎండకి ఇంకొకటి. ఈ రెండూ కలిపి లెక్కేసేదే డెన్సిటీ ఆల్టిట్యూడ్. మన రేణిగుంట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో స్టాండర్డ్ ఉష్ణోగ్రత 14 డిగ్రీలని పెట్టుకుంటారు. దానికి పైన ప్రతి డిగ్రీకీ దాదాపు 120 అడుగులు కలపాలి. మే నెలలో మన తిరుపతిలో 42 డిగ్రీలుంటే 28 డిగ్రీలు ఎక్కువ. అంటే రేణిగుంట నేల మీద నిలబడి ఉన్న హెలికాప్టర్ 3,700 అడుగుల ఎత్తులో ఉన్నట్టే పనిచేస్తుంది. తిరుమల కొండ సుమారు 2,800 అడుగులు. అక్కడ 35 డిగ్రీలుంటే లెక్క దాదాపు 6,000 అడుగులకి పోతుంది.

2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు పోశాయి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎం‌ఐ-17 కింద కట్టే బాంబీ బకెట్‌లో 3,500 లీటర్లు పడతాయి. అంటే మూడున్నర టన్నులు. ఎండలో, కొండ మీద, కింద మంటలు లేస్తున్నప్పుడు, లోపల ఎంత ఇంధనం ఉందో చూసుకోకుండా నిండా ముంచుకుని లేపుదామంటే కుదరదు. ఎంత ముంచాలో ప్రతిసారీ లెక్కేయాలి. యుద్ధంలోనూ ఇదే లెక్క. నీళ్ళ బదులు మందుగుండు, అంతే తేడా.

ఇప్పుడు లడాఖ్‌కి వెళ్దాం. అపాచీ గరిష్ఠ బరువు 10 టన్నుల పైన. ఎడారిలో, మైదానంలో, ట్యాంకుల మీదికి పోవాలంటే దానికి సాటి వచ్చేవి తక్కువ. కానీ ఎత్తుకి పోయే కొద్దీ ఆ 16 మిసైళ్ళలో కొన్నీ, ఇంధనంలో కొంతా తగ్గించుకోవాలి. ప్రచండ్ 5.8 టన్నులది, 'శక్తి' అనే రకం ఇంజన్లు రెండు. 5,000 మీటర్ల ఎత్తులో దిగి, ఆయుధాలతో మళ్ళీ లేవగలదు. ఆ పని చేసే దాడి హెలికాప్టర్ ప్రపంచంలో ఇంకొకటి లేదని దాన్ని తయారుచేసిన హెచ్‌ఏ‌ఎల్ చెప్పుకుంటుంది, అది ఒట్టి గొప్ప కాదు. సియాచిన్‌లో దించి చూపించారు.

స్వర్ణముఖి (తిరుపతి)
ప్రచండ్ పుట్టిందే కార్గిల్ వల్ల. 1999 మే 28న తోలోలింగ్ దగ్గర రాకెట్లతో దాడికి వెళ్ళిన మన ఎం‌ఐ-17ని స్టింగర్ మిసైల్‌తో కూల్చారు. నలుగురు సిబ్బందీ చనిపోయారు. వేడిని వెతుక్కుంటూ వచ్చే మిసైల్‌ని పక్కదారి పట్టించే ఫ్లేర్లు ఆ హెలికాప్టర్‌లో లేవు. ఆ తర్వాత వాటిని దాడి పనుల నుంచి తప్పించారు. మన దగ్గరున్న అసలు దాడి హెలికాప్టర్ ఎం‌ఐ-35 ఆ ఎత్తులకి సరిపోలేదు. అందుకే 16,000 అడుగుల పైన పోరాడగల సొంత హెలికాప్టర్ కావాలనుకున్నారు. 2010 మార్చి 29న మొదటిసారి ఎగిరింది, 2022 అక్టోబరు 3న జోధ్‌పూర్‌లో వైమానిక దళంలో చేరింది. 2025 మార్చిలో ఇంకో 156కి ఒప్పందం అయింది, విలువ రూ. 62,700 కోట్లు. అందులో 90 సైన్యానికి, 66 వైమానిక దళానికి.

జెట్_ఫ్యాన్_చిత్తూరు
ఎత్తు సంగతి ఒప్పుకుంటా సార్. అయితే ఇంకో ప్రశ్న. 2022 తర్వాత ప్రపంచం మారింది కదా? రష్యా మొదటి రోజే కీవ్ పక్కన హోస్టోమెల్ విమానాశ్రయం మీదికి హెలికాప్టర్లలో సైనికుల్ని దింపింది, భుజం మీద పెట్టి పేల్చే మిసైళ్ళతో కొన్ని కూలాయి. తర్వాత కే‌ఏ-52 దాడి హెలికాప్టర్లు ఎన్ని పోయాయో చూశాం. జపాన్ దాడి హెలికాప్టర్లు వదిలేసి డ్రోన్లకి మారతానంది. అమెరికా 2024 ఫిబ్రవరిలో కొత్త నిఘా-దాడి హెలికాప్టర్ ప్రోగ్రామ్‌నే రద్దు చేసింది. ఈ టైములో 62,000 కోట్లు పెట్టి 156 కొనడం సరైనదేనా? నిజంగానే అడుగుతున్నా.

తలకోన_గాలి (భాకరాపేట)
మంచి ప్రశ్న. అదే కే‌ఏ-52లు 2023 వేసవిలో ఏం చేశాయో కూడా చూడాలి. ఉక్రెయిన్ ఎదురుదాడికి కవచ వాహనాలతో ముందుకొస్తుంటే, ఇవి భుజం మిసైళ్ళకి అందని దూరంలో, చెట్ల వెనక తక్కువ ఎత్తులో నిలబడి కిలోమీటర్ల అవతల నుంచి కొట్టాయి. యంత్రం మారలేదు, వాడే పద్ధతి మారింది. శత్రువు నెత్తిన తిరుగుతూ రాకెట్లు కొట్టే రోజులు పోయాయి, అది నిజం. కొండ చాటున దాక్కుని, క్షణం తలెత్తి, కొట్టి మళ్ళీ దిగిపోవడమే ఇప్పటి పని.

ఇక డ్రోన్ల మాట. ట్యాంకుని డ్రోన్ కొడుతుంది, ఒప్పుకుంటా. 20,000 అడుగుల పోస్టులో ఊపిరితిత్తుల్లో నీరు చేరిన జవాన్ని కిందికి దింపే పని ఈ రోజుకీ పైలట్ చేతిలోనే ఉంది. 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌ని పట్టుకునే మేఘదూత్ ఆపరేషన్ మొదలైందే హెలికాప్టర్లలో జవాన్లని బిలాఫోండ్ లా కనుమ దగ్గర దించడంతో. ఆ చిన్న చీతా హెలికాప్టర్లే ఇప్పటికీ ఆ హిమనదాన్ని నిలబెడుతున్నాయి.

మాజీ_ఫిట్టర్ (చంద్రగిరి)
తలకోన తమ్ముడి మాటకి ఒకటి కలుపుతా. హెలికాప్టర్ అంటే మిసైల్ మోసేదని మాత్రమే అనుకోవద్దు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో మేఘనా నది మీద ఆశుగంజ్ వంతెనని పాకిస్తాన్ సైన్యం పేల్చేసింది. ఢాకాకి దారి మూసుకుపోయిందనుకున్నారు. లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ వంతెన కోసం ఆగలేదు. డిసెంబరు 9 నుంచి ఎం‌ఐ-4 హెలికాప్టర్లలో జవాన్లని, ఫిరంగుల్ని నది అవతలికి చేరవేశారు. అవి పాత పిస్టన్ ఇంజన్ హెలికాప్టర్లు, రాత్రిపూట చూసే కళ్ళద్దాల్లాంటివేవీ లేవు. ఆ నది దాటబట్టే ఢాకా అంత తొందరగా లొంగింది. ఒక్క మిసైల్ లేకుండా యుద్ధం దిశ మార్చిన హెలికాప్టర్లు అవి.

అలాగే ప్రతిసారీ గెలవలేదు. 1987 అక్టోబరులో శ్రీలంకలోని జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో ఎం‌ఐ-8లతో రాత్రి జవాన్లని దించారు. ఎల్‌టీటీఈ వాళ్ళు కాచుకుని ఉన్నారు. కాల్పుల్లో హెలికాప్టర్లు దెబ్బతిని, మిగతా దళాన్ని దించలేకపోయారు. ముందు దిగిన సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు ఒంటరైపోయి దాదాపు అందరూ చనిపోయారు. ఎక్కడ దింపుతున్నామో శత్రువుకి ముందే తెలిస్తే ఎంత మంచి పైలటైనా ఏం చేయగలడు?

అలిపిరి_అమ్మ
చిన్న సందేహం. తిరుమల మీదుగా ఏదైనా హెలికాప్టర్ పోతే టీవీలో రోజంతా చర్చే. మిలటరీ వాళ్ళకి ఆ నియమం లేదా?

స్వర్ణముఖి (తిరుపతి)
ఆగమశాస్త్రం ప్రకారం ఆనంద నిలయం మీదుగా ఏదీ ఎగరకూడదని భక్తుల విశ్వాసం. నో ఫ్లై జోన్‌గా ప్రకటించమని టీటీడీ కేంద్రాన్ని ఎన్నోసార్లు అడిగింది. దాని మీద ఇంకో థ్రెడ్ నడుస్తోంది అమ్మా, అక్కడ మాట్లాడుకుందాం.

కురబలకోట_వాసి
ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాసింది లేదు. ఈ రోజు రాయాలనిపించింది. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర కూలిన ఎం‌ఐ-17వి5లో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు లాన్స్ నాయక్ సాయితేజ కూడా ఉన్నాడు. ఎగువ రేగడ, మా మండలమే. అప్పట్లో చిత్తూరు జిల్లా. రెండు ఇంజన్లు, అంత మంచి పేరున్న హెలికాప్టర్, దేశంలో అందరికంటే పెద్ద సైనికాధికారిని తీసుకెళ్తున్న సిబ్బంది. అయినా ఎందుకు కూలింది? యూట్యూబ్‌లో కుట్ర అని వందమంది వంద చెప్తారు. తెలిసినవాళ్ళు చెప్తే వినాలని ఉంది.

మాజీ_ఫిట్టర్ (చంద్రగిరి)
సాయితేజకి నా సెల్యూట్. మీరు అడిగినదానికి విచారణ చెప్పినంతవరకే చెప్తా.

కోయంబత్తూరు దగ్గర సూలూరులో బయల్దేరి నీలగిరుల్లోని వెల్లింగ్టన్ వెళ్ళాలి, అరగంట లోపు ప్రయాణం. త్రివిధ దళాల విచారణ 2022 జనవరిలో చెప్పింది ఇది: యంత్ర లోపం కాదు, విద్రోహం కాదు, నిర్లక్ష్యం కాదు. లోయలో వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మేఘంలోకి వెళ్ళింది. పైలట్‌కి దిక్కు తెలియని స్థితి ఏర్పడి, అదుపులో ఉన్న హెలికాప్టరే కొండని తాకింది. 2024 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఆ ప్రమాదం సిబ్బంది మానవ తప్పిదం కింద నమోదైంది.

ఈ దిక్కు తెలియకపోవడం గురించి బయటివాళ్ళకి సరిగా అర్థం కాదు. మనం నిటారుగా ఉన్నామా, వంగామా అనేది లోపలి చెవి, కళ్ళు కలిసి చెప్తాయి. మేఘంలో కళ్ళకి ఆధారం పోతుంది. మెల్లగా వంపు తిరుగుతున్న హెలికాప్టర్‌లో లోపలి చెవి కాసేపటికి 'నేరుగానే పోతున్నావు' అని చెప్పేస్తుంది. ఎదురుగా మీటర్ వంపు చూపిస్తున్నా ఒళ్ళు నమ్మదు. అందుకే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ అంత గట్టిగా నేర్పిస్తారు: ఒంటిని నమ్మొద్దు, మీటర్‌ని నమ్ము అని. విమానానికైతే పైకి లాగి మేఘం దాటే వీలు ఎక్కువ. హెలికాప్టర్ లోయలో తక్కువ ఎత్తులో పోతుంటుంది, రెండు పక్కలా కొండలు, నిర్ణయానికి సెకన్లే. ఎంత అనుభవం ఉన్నవాడికైనా ఇది వస్తుంది. అందుకే ఆ పైలట్ల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు బాధేస్తుంది.

కురబలకోట_వాసి
ఇంత వివరంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు సార్. మా ఊళ్ళో వాళ్ళకి చదివి వినిపిస్తాను.

తలకోన_గాలి (భాకరాపేట)
మేఘాలంటే ఇంకోటి. 2009 సెప్టెంబరు 2న వై‌ఎస్‌ఆర్ గారు మన చిత్తూరు జిల్లాకే రచ్చబండకి బయల్దేరారు. అది ప్రభుత్వ హెలికాప్టర్, బెల్ 430, మిలటరీది కాదు. నల్లమలలో వాతావరణానికి చిక్కింది. మర్నాడు శిథిలాలు కనిపెట్టింది వైమానిక దళం హెలికాప్టర్లే.

పులికాట్_కుర్రాడు (సూళ్ళూరుపేట)
సార్, చదువుతుంటే కొంచెం టెన్షన్ వచ్చిన మాట నిజం. కానీ వెనక్కి తగ్గను. ఇంజన్ గాల్లో ఆగిపోతే ఏం చేస్తారు? విమానమైతే గ్లైడ్ అవుతుంది. హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని అందరూ అంటారు. శిక్షణలో ఇదంతా ఎక్కడ నేర్పుతారు?

హకీంపేట_జ్ఞాపకాలు (పుత్తూరు)
ఈ ప్రశ్నకి నేను చెప్తాను. హెలికాప్టర్లు నడిపాను, ఇప్పుడు పుత్తూరులో మామిడి తోట చూసుకుంటున్నాను.

రాయిలా పడదు. ఇంజన్ ఆగిన వెంటనే ఎడమ చేతిలో ఉన్న లివర్, అంటే కలెక్టివ్‌ని కిందికి దించేయాలి. రోటర్ రెక్కల కోణం తగ్గుతుంది. హెలికాప్టర్ దిగుతుంటే కింది నుంచి పైకి వచ్చే గాలే రోటర్‌ని తిప్పుతుంది, గంగమ్మ జాతరలో పిల్లలు కాగితపు గాలిపంక పట్టుకుని పరిగెత్తితే తిరిగినట్టు. దీన్నే ఆటో రొటేషన్ అంటాం. నేల దగ్గరికొచ్చాక ముక్కు పైకెత్తి వేగం తగ్గించి, చివర్లో కలెక్టివ్ లాగితే రోటర్‌లో దాచుకున్న తిరుగుడు శక్తి మెత్తగా దించుతుంది. ఆ లాగడం ఒక్కసారే దొరుకుతుంది. ముందే లాగేస్తే రోటర్ నెమ్మదించి గట్టిగా పడతావు, ఆలస్యమైతే ముందే నేలని తాకుతావు. కలెక్టివ్ దించడానికి ఉండేది ఒకటి రెండు సెకన్లు. ఆలోచించే వ్యవధి ఉండదు, చెయ్యి తనంతట తానే పోవాలి. అందుకే శిక్షకుడు చెప్పకుండా పవర్ తగ్గించి మళ్ళీ మళ్ళీ చేయిస్తాడు.

మన చీతాకి మూలమైన ఫ్రెంచి లామా ఒకటి 1972 జూన్ 21న 12,442 మీటర్ల ఎత్తుకి వెళ్ళింది. అప్పటి ప్రపంచ రికార్డు. పైన చలికి ఇంజన్ ఆగిపోయింది. పైలట్ జాన్ బూలే అంత ఎత్తు నుంచి నేల దాకా ఆటో రొటేషన్‌లోనే క్షేమంగా దిగాడు.

అయితే తక్కువ ఎత్తులో, వేగం లేకుండా హోవర్‌లో, అంటే గాల్లో ఒకే చోట నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ పోతే ఆటో రొటేషన్‌కి చోటు చాలదు. ఒకే ఇంజన్ ఉన్న చేతక్, చీతాల్లో అలాంటి చోట ఎక్కువసేపు నిలబడకుండా చూసుకుంటాం. వరదలో తాడు దించి మనుషుల్ని లాగేటప్పుడు మాత్రం నిలబడక తప్పదు. 2021 నవంబరులో మన తిరుపతి మునిగిన వానలప్పుడే అనంతపురం జిల్లా చిత్రావతిలో జేసీబీ మీద చిక్కుకున్న 10 మందిని ఎం‌ఐ-17 అలాగే కాపాడింది. రెండు ఇంజన్లుండటం అక్కడ అక్కరకొస్తుంది.

నేర్చుకునేది ఇలా. ముందు దుండిగల్‌లో పిలాటస్ విమానం మీద మొదలు. తర్వాత హెలికాప్టర్లకి ఎంపికైనవాళ్ళు హకీంపేట హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్‌కి వెళ్తారు. అక్కడ మొదట ఏడిపించేది హోవర్. ఎడమ చేతిలో కలెక్టివ్, కుడి చేతిలో సైక్లిక్ అనే కర్ర, కాళ్ళ కింద పెడల్స్. ఒకటి కదిపితే మిగతా రెండూ సర్దాలి. ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత చోటు ఇచ్చినా అందులో నిలబడదు. ఒక రోజు ఉన్నట్టుండి నిలబడుతుంది, అప్పుడు కలిగే సంతోషం నేను మాటల్లో చెప్పలేను.

తర్వాత కొండ మీద చిన్న చోట దిగడం, స్లింగ్ లోడు (కింద వేలాడే బరువు) మోయడం, ఫార్మేషన్‌లో జట్టుగా ఎగరడం, రాత్రి ఫ్లయింగ్. నైట్ విజన్ గాగుల్స్‌లో కనిపించేది దాదాపు 40 డిగ్రీల మేర మాత్రమే, లోతు సరిగా తెలియదు. ఇంకో ప్రమాదం, నిటారుగా వేగంగా దిగితే తన రోటర్ తోసిన గాలిలోకి తానే దిగిపోతుంది. పవర్ పెంచితే ఇంకా కిందికి లాగుతుంది. పవర్ కాదు, సైక్లిక్ ముందుకి తోసి ఆ గాలిలోంచి బయటపడాలి. భయంలో చెయ్యి చేయాలనుకునేదానికి సరిగ్గా వ్యతిరేకం.

జెట్_ఫ్యాన్_చిత్తూరు
సార్, మన దేశంలోనే తయారైన ధ్రువ్ హెలికాప్టర్ సంగతి కూడా చెప్పండి. 2025 ఏరో ఇండియాకి యలహంక వెళ్తే ధ్రువ్‌లతో విన్యాసాలు చేసే సారంగ్ టీమ్ ఎగరలేదు, నిరాశపడ్డాం.

మాజీ_ఫిట్టర్ (చంద్రగిరి)
ఆ జనవరి 5న పోరుబందరులో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు పోయారు. దాంతో మూడు వందలకి పైగా ఉన్న ధ్రువ్‌లన్నీ నేల మీదే ఆపేశారు. స్వాష్‌ప్లేట్‌లో పగులు దొరికింది. పైలట్ చేతి కదలికని తిరిగే రెక్కలకి చేర్చే భాగం అది, అది విరిగితే హెలికాప్టర్ మాట వినదు. పరీక్షలయ్యాక మేలో సైన్యం, వైమానిక దళం వాటికి అనుమతి వచ్చింది. అన్నీ ఆపేయడం వల్ల సరిహద్దు పోస్టులకి ఇబ్బందే, కానీ ఆపడమే సరైన పని. పగులు ఉందని తెలిసి ఎగరమనే హక్కు ఎవరికీ లేదు.

అలిపిరి_అమ్మ
మా పాప తొమ్మిదో తరగతి. ఇదంతా నాతో కూర్చుని చదివి, ఆడపిల్లలకి అవకాశం ఉందా అని అడగమంటోంది.

హకీంపేట_జ్ఞాపకాలు (పుత్తూరు)
ఎందుకు లేదమ్మా. మనకి దగ్గర్లోనే అరక్కోణంలో నౌకాదళం ఐ‌ఎన్‌ఎస్ రాజాళి ఉంది. అక్కడి హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ నుంచే 2024 జూన్‌లో సబ్ లెఫ్టినెంట్ అనామిక బి. రాజీవ్ నౌకాదళం మొదటి మహిళా హెలికాప్టర్ పైలట్‌గా బయటికొచ్చింది. సైన్యంలో కెప్టెన్ అభిలాషా బరాక్ 2022 మేలోనే నాసిక్‌లో వింగ్స్, అంటే పైలట్ బ్యాడ్జి అందుకుంది. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పకుండా తీసుకోమనండి. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ రాయొచ్చు, డిగ్రీ తర్వాత ఆఫ్‌క్యాట్.

పులికాట్ తమ్ముడూ, నీకు: ఫ్లయింగ్ బ్రాంచికి వయసు 20 నుంచి 24. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాళ్ళ పొడవు కూడా కొలుస్తారు. దూరపు చూపులో లోపం ఉంటే చాలా కష్టం, ఇప్పుడే కళ్ళు చూపించుకో. ఎంపికలో వచ్చే పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. తప్పితే మళ్ళీ ఇవ్వరు. సరిగా నిద్రపోకుండా, సగం ప్రిపరేషన్‌తో దానికి పోవద్దు.

తలకోన_గాలి (భాకరాపేట)
అమ్మా, కలికిరి సైనిక్ స్కూల్ మన పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది, ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటున్నారు. కాకపోతే ప్రవేశాలు ఆరో తరగతికీ, తొమ్మిదో తరగతికీ మాత్రమే. పాప ఇప్పటికే తొమ్మిదిలో ఉంది కాబట్టి ఎన్‌సీసీ చూడండి. చిన్నవాళ్ళెవరైనా ఇంట్లో ఉంటే ఆరో తరగతి ఎంట్రన్స్‌కి ఇప్పుడే మొదలుపెట్టించండి.